బి షిఫ్టు టైమ్

ఇస్నాపూర్ చౌరస్తా నుంచి లోపలికి తిరగ్గానే పాశమైలారం రసాయనాల ఘాటు ముక్కుకు తగిలింది. కంటి శిబిరం ఓ ఫంక్షన్ హాల్లో పెట్టారు. నైట్ షిఫ్టు దిగి నేరుగా వచ్చినవాళ్లు టిఫిన్ బాక్సులు ఒళ్లో పెట్టుకుని కునుకు తీస్తున్నారు.

జనమంతా అక్షరాల బోర్డు దగ్గరే. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో సర్కారు కంటి వెలుగు పథకం మొదలైనప్పటి నుంచి మన దగ్గర కంటి పరీక్షంటే అద్దాలే అన్న లెక్క కుదిరిపోయింది. మంచి పనే, కాదనను. కానీ షుగర్ ఉన్నవాళ్లకు ఆ బోర్డు చాలదు, కంటిపాప విప్పారే చుక్కలు వేసి లోపలి రెటీనా కూడా చూడాలి. చుక్కల మందు వేసే గదిలో సగం కుర్చీలు ఖాళీ.

అక్కడో మెషిన్ ఆపరేటర్ నర్సుతో వాదిస్తున్నాడు. "నాకు మంచిగనే కనవడ్తది మేడమ్. కింది లైను దాంక సదివిన గద! చుక్కలేస్తే బండెట్ల నడపాలె? బి షిఫ్టుకు పోవాలె." ఆ మాటా నిజమే. ఆ మందు పడితే కొన్ని గంటలు దగ్గరివి మసకగా ఉంటాయి, ఎండ గుచ్చుతుంది. కాంట్రాక్టు మనిషికి షిఫ్టు పోతే కూలి పోయినట్టే. చుక్కలు లేకుండానే రెటీనా ఫొటో తీసే కెమెరాలున్నాయి. వాటిని ఏటా ఫ్యాక్టరీ గేటు దగ్గరే పెట్టిస్తే ఈ పంచాయితీ చాలావరకు తగ్గుతుంది.

చివరికి ఒప్పుకున్నాడు. ఫొటో తీశాక డాక్టరమ్మ తెర మీద పెద్దది చేసి చూపించింది. నారింజ రంగు రెటీనా మీద చిన్న చిన్న ఎర్రచుక్కలు, నడిమికి కాస్త ఎడంగా పసుపు మరకలు. ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువై సన్నటి రక్తనాళాలు దెబ్బతిన్నాయి. ఎర్రవి వాటి ఉబ్బులు, చిట్లిన చోట్లు. పసుపువి బయటికి ఊరిన కొవ్వు. ఆ ఊట నడిమికి చేరేదాకా చూపు తగ్గకపోవచ్చు, నొప్పీ ఉండదు. ముదిరితే పెళుసైన కొత్త నాళాలు మొలుస్తాయి, అవి తెగితే కంట్లో నెత్తురు నిండుతుంది.

"అద్దాలు మారిస్తే పోదా మేడమ్?"

"పోదన్నా. నడిమికొస్తే ఇంజెక్షన్లు, కొత్త నాళాలొస్తే లేజర్. పోయిన చూపంతా తిరిగొస్తదని మాత్రం చెప్పలేం. ఇప్పటికైతే షుగర్, బీపీ అదుపులో పెట్టుకోండి, ఆరు నెలలకు మళ్లా రండి."

ఆయన తలూపి, ఫోన్ తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "కండ్లల్ల మందేసినమని ఒక చిట్టీ రాసియ్యుండ్రి మేడమ్. నేను జెప్తే సూపర్‌వైజర్ నమ్మడు."