కొన్నవి అల్మారాలో, ఆడేది పాత ప్రిన్సే

నవంబరు చివరికొచ్చిందంటే ఇక్కడ యూఏఈలో ఒక జ్వరం మొదలవుతుంది. దాని పేరు వైట్ ఫ్రైడే. అమెరికా వాళ్ళ బ్లాక్ ఫ్రైడేనే లెండి. ఇక్కడ శుక్రవారమంటే జుమ్మా రోజు, దానికి నలుపు అంటగడితే బాగుండదని 2014లో సూక్ డాట్ కామ్ వాళ్ళు తెల్లరంగు వేసి దించారు. ఆ సూక్‌ను 2017లో అమెజాన్ కొనేసుకుంది. జ్వరం మాత్రం ఊరంతా పాకింది. ఆ వారంలో మా షార్జా తెలుగు వాట్సాప్ గ్రూపు చూడాలి మీరు. ఎయిర్ ఫ్రయర్ ఎక్కడ చౌక, ఊరికి పట్టుకెళ్ళడానికి ఫోన్ ఎక్కడ చౌక, లగేజీ ఎన్ని కిలోలు, ఇదే గోల. నేను ఆ గోలలో లేను. ఓ మూల కూర్చుని గుట్టుగా వీడియో గేములు కొంటూ ఉంటాను.

నవ్వకండి. నెత్తిన సగం జుట్టు తెల్లబడ్డవాళ్ళు కూడా ఆడతారు. ఆ మాటకొస్తే జీతం వచ్చేవాడేగా కొనగలిగేది!

కొనడంలో నాకు తిరుగులేదు. డెబ్బై శాతం తగ్గింపు అని కనిపిస్తే వేలు ఆగదు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 కొన్నాను. గుర్రమెక్కి మంచులో పడి కాసేపు పోయి, ఎందుకో ఆపేశాను. విచర్ 3 కొన్నాను. అందులో పేర్లు గుర్తుపెట్టుకోవడానికే ఒక నోటుపుస్తకం కావాలి. ఎల్డెన్ రింగ్ గురించి అడగకండి, అడుగడుగునా చంపే ఆట అది, ఆఫీసులో పడే చీవాట్లు చాలవా? ఇక అల్మారాలో ప్లాస్టిక్ కాగితం కూడా చించని డిస్కులు ఉన్నాయి. అమెజాన్ వాడు ఎలా ఇచ్చాడో అలాగే, కన్యల్లా ఉన్నాయి. స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొని పడేసినవి వేరే లెక్క.

మరి వారాంతం రాగానే ఏం ఆడతానయ్యా అంటే, 1989 నాటి ప్రిన్స్ ఆఫ్ పర్షియా.

మా ఆవిడది కోరుట్ల. కోపం వస్తే ఆమె భాషే వేరు. "పైసలు పెట్టి కొన్నయన్నీ గట్లనే పడున్నయి. ఆడిందే మళ్ళ ఆడుడేంది? గా పోరడు ఎన్నిసార్లు దుంకుతడు?" అంటుంది. అడగాల్సిన ప్రశ్నే. జవాబు చెప్పే ప్రయత్నమే ఈ కబుర్లు, ఆమె చదవదనే ధైర్యంతో.

ముందుగా ఒక సాక్ష్యం చూపిస్తాను, నేనొక్కణ్ణే ఇలా లేనని. ఆ స్టీమ్ దుకాణంలో 2024లో కొత్తగా దిగినవి 18 వేల పైమాటే. రోజుకు యాభై ఆటలన్నమాట. అదే ఏడాది జనం అక్కడ ఆడిన మొత్తం సమయంలో ఆ ఏడు పుట్టిన ఆటలకు దక్కింది 15 శాతమని ఆ దుకాణం వాళ్ళే చెప్పారు. ఎనిమిదేళ్ళు, అంతకన్నా పాతబడ్డ ఆటలకు పోయింది 37 శాతం. సగటు ఆటగాడు ఏడాది పొడుగునా తెరిచినవి నాలుగంటే నాలుగు. ఇందులో కౌంటర్ స్ట్రైక్‌కూ, డోటాకూ జీవితం రాసిచ్చిన బాపతు వాటా పెద్దదే, ఒప్పుకుంటాను. అయినా లోకమంతా కొత్తవి కొంటూ పాతవి ఆడుతోందన్న మాట మాత్రం అబద్ధం కాదు.

అసలు ఈ 'పెండింగ్ ఆటలు' అనే బెంగ మా చిన్నప్పుడు లేదు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు పుట్టిన నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. దుబాయ్ నుంచి చిన్నబాపో మేనమామో వచ్చాడంటే అట్టపెట్టెకు తాడు కట్టి, దాని మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి ఉండేది. అందులో నిడో పాలపొడి, యాక్స్ ఆయిల్ సీసాలు, మందపాటి దుప్పటి. అదృష్టం బాగుంటే టీవీకి తగిలించే వీడియో గేమ్. రెండు రిమోట్లు, ఒక ప్లాస్టిక్ తుపాకీ, పసుపుపచ్చ క్యాసెట్. క్యాసెట్ మీద '9999999 ఇన్ 1' అని రాసి ఉండేది. కోటికి ఒకటి తక్కువ ఆటలు! తీరా పెట్టి చూస్తే మారియో, కాంట్రా, ట్యాంకుల ఆట, బాతుల ఆట, సర్కస్, ఇంకో నాలుగైదు. అవే పేరు మార్చుకుని, కొంచెం ముందునుంచి మొదలై, మళ్ళీ మళ్ళీ వచ్చేవి. మోసం అని మాకు తోచనే లేదు. కాంట్రా అయిపోతే మళ్ళీ కాంట్రానే. ఇంకోటి లేదు కాబట్టి దాన్నే నమిలి నమిలి మింగాం. ఏ చెట్టు వెనక ఎవడు తుపాకీ పట్టుకుని ఉన్నాడో కళ్ళు మూసుకుని చెప్పేవాళ్ళం.

ప్రిన్స్ ఆ తర్వాత వచ్చాడు, కంప్యూటర్ కోచింగ్ సెంటర్ల పుణ్యాన. నల్లటి డాస్ తెర, సి ప్రాంప్టు, చెప్పులు బయట విడవాలి, లోపల ఏసీ చల్లదనం. సారు బయటికెళ్ళగానే డేంజరస్ డేవ్ అనే ఆట కానీ ప్రిన్స్ కానీ. డేవ్ నాకు పెద్దగా ఎక్కలేదు. ప్రిన్స్ మాత్రం పరిగెత్తి గోడ అంచు పట్టుకుని వేలాడగానే, అరే, ఇది మనిషిలా ఉందే అనిపించింది. నిజంగా మనిషే. ఆట రాసిన జోర్డాన్ మెక్నర్ తన తమ్ముడు డేవిడ్‌కు తెల్లబట్టలు వేసి, కార్లు ఆపే చోట పరిగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఆ కదలికల్ని ఒక్కో బొమ్మగా కంప్యూటర్లోకి ఎక్కించాడు.

చిన్నప్పుడు అది తెలియదు. ఇప్పుడు తెలిసి ఆడితే రుచే వేరు, నా మొదటి కారణం ఇదే. మొదటి అంకం చూడండి. రాకుమారుడు చెరలో పడతాడు, చేతిలో కత్తి ఉండదు. కొత్తవాడు నేరుగా కాపలావాడి మీదికి పోయి ఒక్క పోటుకే చస్తాడు. తెలిసినవాడు ముందు వెనక్కి తిరిగి, కిందికి దిగి, మూల పడి ఉన్న కత్తి తెచ్చుకుంటాడు. మూడో అంకంలో నేల మీద ఎముకల గూడు ఒకటి పడి ఉంటుంది. మనం దాటబోతుంటే లేచి నిలబడుతుంది. ఎంత పొడిచినా చావదు, అసలే చచ్చి ఉంది కదా! గోతిలోకి నెట్టడం ఒక్కటే దారి. నాలుగులో దారికడ్డంగా నిలువుటద్దం. దాన్ని చీల్చుకుని దూకితే మన నీడ విడిపడి అటువైపు పారిపోతుంది. అక్కణ్ణుంచి వాడు మనకు శని. మనం తాగాల్సిన మందు వాడే తాగేస్తాడు, మనం వెళ్ళాల్సిన తలుపు మన ముఖాన్నే మూసేస్తాడు. చిట్టచివర వాడితో కత్తియుద్ధం వస్తుంది. వాణ్ణి పొడిస్తే మన నెత్తురే పోతుంది. గెలవాలంటే కత్తి ఒరలో పెట్టేసి వాడికేసి నడవాలి, ఇద్దరూ ఒకటైపోతారు. చెప్పేవాడు లేక ఆ ల్యాబులో ఎంతమందిమి వాణ్ణి పొడుచుకుని చచ్చామో.

ఇప్పుడు అసలు సంగతి. ఆ నీడ ఎందుకు పుట్టాడో తెలుసా? ఆపిల్ 2 కంప్యూటర్లో మెమరీ చాలక. రాకుమారుడి బొమ్మలకే జాగా అంతా అయిపోయింది, కొత్త శత్రువును గీస్తే పెట్టడానికి చోటు లేదు. అందుకని రాకుమారుడి బొమ్మనే ఒక్క బిట్టు పక్కకు జరిపి, దాన్ని దానితోనే కొట్టేయిస్తే మిగిలిన మినుకుమినుకు గీతల్ని శత్రువుగా నిలబెట్టాడు మెక్నర్. పేదరికంలో చేసిన వంటే ఆ ఆటలో అన్నిటికన్నా గొప్ప పాత్ర అయి కూర్చుంది. ఈ ముక్క చదివాక నాలుగో అంకం మళ్ళీ ఆడాను. అద్దం పగిలిన ఆ క్షణం నేను చిన్నప్పుడు చూసింది కానే కాదు. అంతెందుకు, ఎన్నోసార్లు చూసిన మాయాబజార్ సినిమా 2010లో రంగులేసుకుని థియేటర్లకు వస్తే, ప్రతి మాటా కంఠతా వచ్చినవాళ్ళే టికెట్టు కొనుక్కుని వెళ్ళారు. కథ తెలియక వెళ్ళారా వాళ్ళు?

రెండో కారణం ఇంత పండితుల మాట కాదు, ఒట్టి బద్ధకం. నేనుండేది షార్జా, ఉద్యోగం దుబాయ్. ఈ రెండింటి మధ్య సాయంత్రం అల్ ఇత్తిహాద్ రోడ్డు మీద ఇరుక్కున్నవాడికి తెలుస్తుంది, ఇంటికి చేరాక బుర్రలో ఎంత మిగులుతుందో. కొత్త ఆట పెడితే మొదటి గంటంతా పాఠమే. ఈ మీట నొక్కితే గెంతు, ఆ మీట నొక్కితే నక్క, ఈ సంచీలో మూలికలు, ఆ సంచీలో బాణాలు. పగలంతా కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకుని వచ్చినవాడికి మళ్ళీ ట్యూషనా? పాత ఆటలో చేతులు వాటంతట అవే పోతాయి.

మూడోది ఈ ఊరి సంగతి. దుబాయ్‌లో దేనికీ పాతబడే తీరిక లేదు. దుబాయ్ మాల్లో 2009లో సెగా రిపబ్లిక్ అని పెద్ద ఆటల లోకం తెరిచారు. మా పిల్ల పెద్దదయ్యాక తీసుకెళ్దాంలే అనుకుంటూ ఉండగానే 2017లో మూసేశారు. నిరుడు తెలిసిన రోడ్డు ఎగ్జిట్ ఈ ఏడు ఉండదు. పక్కింటివాళ్ళు వీసా అయిపోయి వెళ్ళిపోతారు, కొత్త పక్కింటివాళ్ళు వస్తారు. ఇలాంటిచోట మలుపు మలుపూ తెలిసిన ఒక కోట ఉండడం, మూడో అంకంలో ఆ ఎముకల గూడు ఎక్కడ వదిలానో అక్కడే పడి ఉండడం, నాకు చాలా పెద్ద సౌకర్యం.

ఇది కంప్యూటర్లున్న మాలాంటివాళ్ళ ముచ్చటే అనుకోకండి. దుబాయ్‌లో కూలీలుండే సోనాపూర్ క్యాంపులో మా మండలం కుర్రాడు ఒకడున్నాడు. షటరింగ్ పని. ఫోన్లో ఉన్నది లూడో కింగ్ ఒక్కటే. వారాంతం రాత్రి ఊళ్ళో ఉన్న భార్యతో అదే ఆడతాడు, ఏళ్ళ తరబడి. వేరే ఆట పెట్టిస్తానురా అంటే, "వద్దన్నా, ఆమెకు గిదొక్కటే వస్తది, నన్ను ఓడిస్తది గూడ" అన్నాడు. వాడి ముందు నా అల్మారా గురించి బెంగపడితే నవ్విపోతారు.

ఆ బెంగ ఎంత వింతదో చూడండి. షార్జా కరెంటు సంస్థ 'సేవా' బిల్లు కట్టకపోతే కరెంటు పీకేస్తారు. స్కూలు ఫీజు ఆలస్యమైతే ఈమెయిల్ వస్తుంది. విచర్ 3 ఆడకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. డబ్బు ఎప్పుడో కట్టేశాం, వడ్డీ లేదు, గడువు లేదు. అయినా ఆ జాబితా తెరిస్తే అప్పులవాళ్ళ వీధిలో నడిచినట్టు తల దించుకుంటాం. మనకు మనమే తగిలించుకున్న బాకీ ఇది. నేనైతే కొట్టేశాను. కొనడం మానలేదు, అది వేరే రోగం.

మధ్యలో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 కూడా తిరగేస్తుంటాను. 1999 ఆట, 2019లో కొత్త మెరుగులు దిద్దారు, 2022లో ద్రావిడుల్ని చేర్చారు. సంబరపడి తెరిస్తే కథ రాజేంద్ర చోళుడిది. కథ రాయడానికి ఓరుగల్లు కోటా రుద్రమదేవీ వాళ్ళ కంట పడలేదు. సరే, చోళులతోనే సర్దుకున్నాను.

ఒక్కటి మాత్రం నిజంగా బాధ పెట్టే సంగతి. ఈ దుబాయ్ నగరాన్నే ఇసుక తుపాను కప్పేసినట్టు ఊహించి 2012లో ఒక ఆట వచ్చింది, స్పెక్ ఆప్స్: ది లైన్. జర్మనీలో తయారైంది. ఇక్కడ అమ్మకూడదని నిషేధించారు. బయటి దేశాల్లో మంచి పేరు తెచ్చుకుంది. చివరికి 2024 జనవరిలో, దానికి సంబంధించిన కొన్ని లైసెన్సుల గడువు తీరిందని, ఆన్‌లైన్ దుకాణాల నుంచే తీసేశారు. అప్పటికే కొన్నవాడు ఆడుకోవచ్చు, కొత్తవాడికి లేదు. ఇదొక్కటే కాదు. అమెరికాలో 2010కి ముందు వచ్చిన పాత ఆటల్లో 87 శాతం ఇప్పుడు ఏ దుకాణంలోనూ దొరకవని అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. మన ప్రిన్స్ అదృష్టవంతుడు. 2015 జనవరిలో ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళు బ్రౌజర్లో ఆడుకునేలా పెట్టిన రెండువేల పైచిలుకు డాస్ ఆటల్లో అతనూ ఉన్నాడు. అతని మూల ప్రోగ్రామైతే మెక్నర్ నాన్నగారు దాచి ఉంచిన పాత ఫ్లాపీల్లో దొరికింది. 2012లో దాన్ని అందరికీ ఉచితంగా పెట్టేశారు. ఆ నాన్నగారు ఇల్లు సర్దేటప్పుడు ఏ చెత్తబుట్టలోనో వేసి ఉంటే?

అందుకని ఒక మనవి. ఈసారి సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు అటక ఎక్కి చూడండి. చిన్నబాపు తెచ్చిన ఆ పెట్టె, ఆ పసుపుపచ్చ క్యాసెట్, కోచింగ్ సెంటర్ నాటి ఫ్లాపీలు ఏవైనా ఉంటే పాత ఇనుము బండికి వేయకండి. కూతురికో మేనల్లుడికో పెట్టి చూపించండి. క్యాసెట్ పనిచేయకపోతే చిన్నప్పటిలా నోటితో మాత్రం ఊదకండి, ఆ తేమకు లోపలి రాగికి చిలుము పడుతుంది. మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూదిపుల్ల ముంచి, కాంటాక్టులు మెల్లగా తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి.