ఒక్క నిమిషం ఆగి చూడండి

మా పెద్దబ్బాయి లండన్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు. మొన్న వాడి రూమ్ అద్దెకని, నా పీఎఫ్ నుంచి తీసిన డబ్బును మాదాపూర్ ఆఫీసులో లంచ్ టైంలో పంపబోయాను. హడావిడిలో ఐబాన్ నంబర్‌లో పక్కపక్కనున్న రెండంకెలు తారుమారు చేశాను. యాప్ తీసుకోలేదు. విసుక్కున్నాను.

రాత్రి వాడే ఫోన్లో చెప్పాడు: "బ్రిటన్ ఐబాన్‌లో 22 అక్షరాలు, అంకెలు ఉంటాయి నాన్నా. 6 అంకెల సార్ట్ కోడ్, 8 అంకెల ఖాతా నంబర్ అందులోనే. జీబీ తర్వాతి రెండంకెలు తప్పు పట్టడానికే. మొదటి నాలుగింటిని చివరికి జరిపి, అక్షరాలను అంకెలుగా మార్చి, 97తో భాగిస్తే శేషం 1 రావాలి."

మన దేశంలో ఐబాన్ లేదు. 11 అక్షరాల ఐఎఫ్‌ఎస్‌సీ బ్యాంకును, బ్రాంచిని చెబుతుందే కానీ ఖాతా నంబర్‌లో పొరపాటు పట్టదు. నెఫ్ట్‌లో డబ్బు ఖాతా నంబర్ చూసే జమవుతుంది, పేరు చూసి కాదు. అందుకే ఆర్‌బీఐ 2025 ఏప్రిల్ నాటికి, పంపేముందే ఖాతాదారు పేరు చూసుకునే సదుపాయం ఇవ్వాలని బ్యాంకులకు చెప్పింది.

ఈసారి మీరు ఎవరికి డబ్బు పంపినా ఆ పేరు చదవండి. కొత్త ఖాతా అయితే ముందు ఒక్క రూపాయి పంపి, అందిందా అని అడగండి. ఆ పని మీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. రేపు పంపేది వాళ్లే.