పలెర్మోలో ఆనప చిగుళ్లు

యూరప్ వెళ్తున్నామంటే చాలు, ఎవరో ఒకరు ఒకటే సలహా చెబుతారు: ఊరివాళ్లలా తిరగండి, ఊరివాళ్లలా తినండి అని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఊరివాళ్లు పొద్దున్నే లేచి పనికి పోతారు. కరెంటు బిల్లు కడతారు. పిల్లవాడికి జ్వరమొస్తే మందుల షాపు దగ్గర నిలబడతారు. నాలుగు రోజులకు వెళ్లినవాళ్లం అందులో ఏది చేయగలం? మనం చుట్టాలం. చుట్టానికో మర్యాద ఉంది. వేళకు రావాలి, పెట్టింది తినాలి, ఇంటివాళ్ల వంట గురించి మనస్ఫూర్తిగా అడగాలి. అంతేగానీ ఇంటివాడి వేషం కట్టకూడదు.

సిసిలీ రాజధాని పలెర్మో విషయంలో ఈ సలహా మరీ అన్యాయం. ఆ ఊళ్లో అసలు ఊరివాళ్లెవరు? 831లో అరబ్బులు పట్టుకున్నారు. 1072లో నార్మన్లు పట్టుకున్నారు. నార్మన్ రాజు రెండో రోజర్ తన కోటలో కట్టించుకున్న ప్రార్థనాలయంలోకి వెళ్లి చూడండి. గోడల నిండా బైజాంటిన్ బంగారు మొజాయిక్కులు, తలెత్తితే తేనెపట్టులా చెక్కిన కొయ్య కప్పు, దాని మీద అరబ్బీ రాతలు. యూదుల్ని స్పెయిన్ రాజు 1492 శాసనంతో వెళ్లగొట్టాడు. వాళ్లుండిన వీధుల్లో ఇప్పుడు పేరు పలకలు ఇటాలియన్, హీబ్రూ, అరబ్బీ మూడు భాషల్లో ఉంటాయి. శ్రీలంక యుద్ధం తరిమితే వచ్చిన తమిళులు కూడా అక్కడ స్థిరపడ్డారు. 1624 ప్లేగు నుంచి ఊరిని కాపాడిందని జనం నమ్మే సాంతా రొజాలియా గుడి పెల్లెగ్రీనో కొండ మీద ఉంది. ఆదివారాలు ఆ కొండెక్కి ఆవిడకు దణ్ణం పెట్టుకునే వాళ్లలో హిందూ తమిళ కుటుంబాలు ఎన్నో. నా దృష్టిలో పలెర్మోలో వాళ్లకంటే ఊరివాళ్లు లేరు.

క్వాత్రో కాంతి కూడలి గురించి ఎక్కువ చెప్పను. నాలుగు మూలలా నాలుగు శిల్పాల గోడలు, ఊరి నాలుగు పాత పేటలూ కలిసే చోటు. అందంగానే ఉంటుంది, ఫొటోల్లో అందరూ చూసిందే. అక్కణ్నుంచి అల్బెర్గెరియా పేటలోకి దిగి బల్లరో బజారుకు పొద్దున పూట వెళ్లాలి. ఎర్రటి గుడ్డ పందిళ్ల కింద చేపలు, నిమ్మకాయలు, వంకాయలు, వాటి వెనక నిలబడి గొంతెత్తి రాగం తీసే అమ్మకందార్లు. నాకు అన్నిటికంటే నచ్చింది అక్కడ అమ్మే ఉడికిన కూరలు. పొయ్యిలో కాల్చి నల్లబడ్డ పెద్ద పెద్ద ఉల్లిపాయలు, ఉడికించిన బంగాళాదుంపలు పళ్లేల నిండా పెట్టి అమ్ముతారు. పనికి పోయే ఆడవాళ్లు అవి కొనుక్కెళ్లి ఇంట్లో కాస్త ఆలివ్ నూనె, ఉప్పు తగిలిస్తే మధ్యాహ్నానికి సగం వంట అయిపోయినట్టే. ఊరి రుచుల పేరుతో రాసే పట్టికల్లో ఈ కాల్చిన ఉల్లిపాయ నాకెక్కడా కనిపించలేదు.

పనెల్లె గురించి మాత్రం అందరూ రాస్తారు, రాయాల్సిందే. శనగపిండిని నీళ్లలో ఉప్పుతో కలిపి ముద్దయ్యేదాకా ఉడికించి, పార్స్లీ ఆకు వేసి, పల్చగా పరిచి, ఆరాక బిళ్లలు కోసి నూనెలో వేయిస్తారు. నువ్వులద్దిన బన్నులో పెట్టి, నిమ్మకాయ పిండి చేతికిస్తారు. బడి పిల్లలు, కూలీలు, ఆఫీసు గుమాస్తాలు నిలబడే తినేస్తారు. శనగపిండి విలువ తెలిసిన తెలుగువాడికి దాని గురించి వేరే చెప్పక్కర్లేదు.

నాకు కోపం ప్లీహం రొట్టె దగ్గర వస్తుంది. దూడ ప్లీహం, ఊపిరితిత్తులు ఉడికించి, పల్చగా తరిగి, పందికొవ్వులో వేడి చేసి బన్నులో పెట్టిస్తారు. కావాలంటే పైన రికొత్తా జున్ను, లేదంటే ఒట్టి నిమ్మరసం. కసాయి పని చేసిన యూదులు కూలికి బదులు ఈ భాగాలు తీసుకుని అమ్ముకునేవారని, అలా పుట్టిందని పలెర్మోలో చెప్పుకుంటారు. డబ్బు లేని మనిషి కడుపు నింపిన తిండి అది. ఒకసారి ఆ రొట్టెలమ్మే బండి దగ్గర ఒక గైడు పది మందిని వరుసగా నిలబెట్టి, "ధైర్యం ఉన్నవాళ్లెవరు?" అని అడిగాడు. వాళ్లు ఒకళ్ల వెనక ఒకళ్లు మొహాలు వికారంగా పెట్టి కొరుకుతుంటే మిగతావాళ్లు వీడియోలు తీశారు. బండి పెద్దాయన మారు మాట్లాడకుండా నిమ్మకాయలు పిండుతూ ఉన్నాడు. ఒకరి ఇంటి అన్నం ముందు అలాంటి మొహం పెట్టేవాళ్లకు అసలు పెట్టకూడదు. ఆ సాయంత్రం వీధి మూల నిప్పుల మీద స్టిగ్గియోలా కాలుస్తున్నారు. ఉల్లికాడకు చుట్టిన గొర్రె పేగులు అవి, పొగ వీధంతా కమ్ముకుంది. బోటి కూర తిని పెరిగిన తెలంగాణ పిల్లవాణ్ని ఎవరినైనా ఆ పొగలో నిలబెడితే ఉప్పు, నిమ్మరసం వేయించుకుని హాయిగా తినేస్తాడు. దానికి ధైర్యంతో పని లేదు, ఆకలైతే చాలు.

వుచ్చిరియా బజారు తలుచుకుంటే దుఃఖమే. ఎప్పటికీ జరగని పనిని చెప్పడానికి పలెర్మో వాళ్లకో సామెత ఉంది: వుచ్చిరియా నేల బండలు ఆరినప్పుడు చూద్దాంలే అని. చేపల మీద చల్లే నీళ్లతో ఆ బండలు ఎప్పుడూ తడిగా ఉండేవి. పక్కనున్న బగెరియాలో పుట్టిన చిత్రకారుడు రెనాతో గుత్తూజో 1974లో ఈ బజారును మూడు మీటర్ల ఎత్తు బొమ్మగా వేశాడు. వేలాడే మాంసం, కత్తిచేప తల, గుడ్లు, పళ్లు, వాటి మధ్య ఇరుక్కుని నడిచే మనుషులు. ఆ బొమ్మ ఒకప్పుడు మతవిచారణ కోర్టు నడిచిన స్తేరి భవనంలో ఉంది. బొమ్మ చూసి బజారుకు వెళ్తే నాలుగైదు దుకాణాలే కనిపించాయి. రాత్రయితే బార్లు, చెవులు పగిలే పాటలు. బండలు ఆరిపోయాయి. బొమ్మలో ఉన్న బజారు ఖాళీ అయింది. బల్లరో కూడా అలా కాకూడదని నా కోరిక.

ఎందుకంటే తెనెరూమి బల్లరోలో దొరికాయి. ఒక బండి మీద ఆకుకూర కట్టలు గుట్టగా పోసి ఉన్నాయి. వెడల్పాటి మెత్తని ఆకులు, నూగు కాడలు, చివర చుట్టుకున్న నులితీగలు. పక్కనే లేత ఆకుపచ్చ కాయలు, సన్నగా, మనిషి చెయ్యి కంటే పొడుగ్గా. దగ్గరికెళ్లి చూస్తే ఆనపకాయ, అదే మీలో చాలామంది సొరకాయ అంటారే, అదే! అదే జాతి. అమెరికా నుంచి గుమ్మడి రాకముందు మధ్యధరా వాళ్లకు తెలిసిన కాయ ఇది. తెనెరూమి అంటే దాని చిగుళ్లే. పలెర్మో వాళ్లు వాటిని తరిగి ఉడికించి, వెల్లుల్లితో మగ్గిన టొమాటో, విరిచిన స్పగెట్టి వేసి పులుసులా చేసుకుంటారు. మండు వేసవిలో గోరువెచ్చగా తాగుతారు. కాయనేమో పంచదార పాకంలో వేసి మిఠాయి చేసి, కస్సాతా అనే కేకు మీద అలంకరిస్తారు. మనం హల్వా చేసినట్టే అనుకోండి.

మా అమ్మమ్మ ఆనప చిగుళ్లు పెసరపప్పులో వేసేది. పెరట్లో బూడిద పోసిన గుంటలో గింజ పెట్టి, తీగను పాక మీదికి పాకించేది. సాయంత్రం చీకటి పడుతుండగా తెల్లటి పూలు విచ్చుకునేవి. పాదుకు నీళ్లు పోసే పని నాది. కాయ పిందెగా ఉండగా వేలు చూపిస్తే మురిగిపోతుందని కేకలేసేది. లేతకాయ పాలు పోసి కూర, కాస్త ముదిరితే దప్పళంలోకి, ఇంకా ముదిరితే ఆ ఒక్కటీ విత్తనానికి తీగ మీదే వదిలేసేది. ఎండిన బుర్రలు రెండు నడుముకు కట్టుకుని మా మావయ్యలు చెరువులో ఈత నేర్చుకున్నారు. చిగుళ్లు గిల్లితే పక్క కొమ్మలు వేసి ఇంకా కాస్తుందని తనే నాకు చూపించింది. ఇప్పుడు మా కూరగాయల మార్కెట్లో కాయలే వస్తున్నాయి. చిగుళ్లు అడిగితే అవి కూడా తింటారా అంటున్నారు. ఆవులకు వేస్తున్నారట.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా పలెర్మోలో తెనెరూమి దొరుకుతాయి. ఆ నెలల్లో వెళ్లేవాళ్లు చిన్న భోజనశాల ఒకటి చూసుకుని ముందురోజే చెప్పిపెట్టండి. ఇక్కడ ఇంట్లో ఆనపపాదు ఉన్నవాళ్లు చిగుళ్లు పారేయకండి, పప్పులో వేసుకోండి.