ఆగడం తెలిసిన అల

ఫోన్లో సిగ్నల్ గీతలు తగ్గితే విసుక్కుంటాం. తరంగం ఎంత దూరం పోతే నెట్‌వర్క్ అంత గొప్పదని మన లెక్క. నా లెక్క వేరు. వైర్‌లెస్ ఇంతమందికి అందుతున్నదంటే, అల అంతదూరం వెళ్తున్నందుకు కాదు, ఎక్కడో ఒకచోట ఆగిపోతున్నందుకు. దండోరా వేసేవాడి గొంతు ఊరంతా వినిపిస్తుంది. కానీ అతను చాటుతున్నంతసేపూ మిగతావాళ్లు నోరు మూసుకోవాలి. అదే అరుగుల మీద కబుర్లయితే ఒకే సాయంత్రం వంద చోట్ల నడుస్తాయి. ఒక అరుగు మాట పక్కవీధి అరుగుకు చేరదు కనకనే నడుస్తాయి.

మొబైల్ ఫోన్ కూడా దండోరాతోనే మొదలైంది. 1946లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో కారు ఫోన్లు వచ్చినప్పుడు నగరమంతటికీ ఒక పెద్ద ట్రాన్స్‌మిటర్, పట్టుమని పదైనా లేని ఛానళ్లు. ఒకరు ఛానల్ పట్టుకుంటే వాళ్ల మాట ముగిసేదాకా అది ఇంకెవరికీ దక్కేది కాదు. మరుసటి ఏడాది బెల్ ల్యాబ్స్ ఇంజనీరు డగ్లస్ రింగ్ ఒక మెమోలో విరుగుడు రాశాడు: నగరాన్ని తేనెపట్టులా గడులు చేయండి, గడికో చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టండి, ఒక గడిలో వాడిన ఫ్రీక్వెన్సీనే కొన్ని గడుల అవతల మళ్లీ వాడండి. సెల్‌ఫోన్‌లోని సెల్ ఆ గడే. అది జనం చేతికి రావడానికి 1979 దాకా, అదీ టోక్యో దాకా ఆగాల్సి వచ్చింది.

తక్కిన వైర్‌లెస్ రకాలూ ఈ దూరపు పొదుపు మీదే బతుకుతున్నాయి. కార్డు తాకించి డబ్బు కట్టే ఎన్‌ఎఫ్‌సి కొన్ని సెంటీమీటర్లు దాటదు. పక్కవాడి జేబులోని కార్డు పలకకపోవడమే దానికి కావలసింది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ పదిమీటర్లతో సరిపెట్టుకుంటుంది కనక చిటికెడంత బ్యాటరీతో గంటల తరబడి పాడుతుంది. వై-ఫై సంగతే తమాషా. 2.4 గిగాహెర్ట్జ్ గోడల్లోంచి దూరిపోతుంది కాబట్టి మంచిదనుకుంటాం. అందులో ఒకదానిమీద ఒకటి పడని ఛానళ్లు మూడే. పైగా వై-ఫై మర్యాదస్తురాలు: ముందు చెవి ఒగ్గి, ఛానల్ ఖాళీగా ఉంటేనే మాట్లాడుతుంది. నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంటులో మన రూటరు పక్కింటి సినిమా సందుల్లో తన వంతు వెతుక్కోవాలి. 5 గిగాహెర్ట్జ్ రెండు గోడలకే నీరసిస్తుంది. ఆ నీరసమే మన గదిలో మనకు వేగం.

గడులు చిన్నవైతే టవర్లు పెరుగుతాయి, రేడియేషన్ మాటేమిటంటారు. అడగదగ్గ ప్రశ్నే. కానీ మనం చెవికి ఆనించుకునేది టవర్ని కాదు, ఫోన్ని. టవర్ దూరమైన కొద్దీ ఫోను గొంతు పెంచాలి. దగ్గరుంటే గుసగుస చాలు. ఇంతకంటే గట్టి ఆక్షేపణ ఇంకొకటుంది: పాడేరు కొండల్లో పది గడపల గూడేనికి టవర్ ఎవరు కడతారు? ఇక్కడ నా వాదన ఒక మెట్టు దిగాల్సిందే. మనుషులు పలచగా ఉన్నచోట రద్దీ బెడద లేదు, దూరమే బెడద. అక్కడ 700 మెగాహెర్ట్జ్ లాంటి దూరం నడిచే తరంగమే దిక్కు, లేదా ఉపగ్రహం. సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచిన ఉపగ్రహం భూమిలో మూడోవంతును చూడగలదు గానీ, మాట పైకెళ్లి దిగడానికే పావు సెకను. అందుకే ఇప్పుడు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగేవి వేలల్లో వచ్చాయి. అవి కూడా కింది నేలను గడులుగా పంచుకునే సిగ్నల్ పంపుతున్నాయి.