పూరీ గేట్ ఎర్రనేలలో పొన్నగంటి

ఖరగ్‌పూర్ స్టేషన్ నుంచి ఐ.ఐ.టి. వైపు సాగే దారిలో పూరీ గేట్ తగులుతుంది. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలంలో ఈ పట్టణం పెద్ద రైలు కూడలిగా ఎదిగింది. కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు తరాల తరబడి ఇక్కడే స్థిరపడ్డాయి. ఇక్కడిది ఎర్రని కంకరనేల. వాననీరు త్వరగా జారిపోతుంది. అందువల్ల చెమ్మను కోరే పొన్నగంటికి చెరువుగట్లు, కుళాయి పరిసరాలు, కాలువల ఒడ్లే ఆశ్రయాలు.

‘పోయిన కంటి’ చూపును తెచ్చే కూర కనుక పొన్నగంటి అయిందని పెద్దలు చెబుతారు. పోయిన చూపును ఏ ఆకూ తిరిగి తేలేదు. అయితే ఇటువంటి ఆకుకూరల్లోని కెరోటిన్ శరీరంలో ‘ఎ’ విటమినుగా మారుతుంది. ఆ విటమిను లోపిస్తే రేచీకటి వస్తుంది. కాబట్టి పెద్దల మాటలో కొంత నిజం లేకపోలేదు.

బెంగాలీలకూ ఇది పరాయి మొక్క కాదు. కాళీపూజకు ముందురోజున వారు తినే పద్నాలుగు ఆకుకూరల సంప్రదాయపు జాబితాలో ‘శాంచె’ పేరుతో ఉన్నది ఇదే.

అయితే దొరికినచోటల్లా కోయరాదు. మురుగునీటిలో పెరిగిన పొన్నగంటి సీసం, కాడ్మియం వంటి లోహాలను తనలోనికి పీల్చుకుంటుంది. కడిగితే పైనున్న బురద పోతుంది కాని, లోపలి విషం పోదు. పైగా దక్షిణ అమెరికా నుంచి వచ్చిన దాయాది కలుపుమొక్క ఒకటి అవే నీటి ఒడ్లను ఆక్రమిస్తుంది. దాని కాడ బోలు. తెల్లని పూగుత్తి పొడవాటి తొడిమపై నిలుస్తుంది. పొన్నగంటి పువ్వులు తొడిమ లేకుండా ఆకు మొదట్లోనే అంటుకొని ఉంటాయి. శాస్త్రనామంలోని ‘సెసిలిస్’ అనే లాటిన్ మాట చెప్పేదీ ఆ లక్షణాన్నే.

ఇంట్లో పెంచుకోవడమే క్షేమం, సులభం కూడా. జానెడు కాడను తుంచి, రెండు కణుపులు మట్టిలో ఉండేటట్లు నాటి, తడి ఆరకుండా చూస్తే చాలు; కణుపుల వద్ద వేళ్లు దిగుతాయి. వెడల్పాటి కుండీలో పశువుల ఎరువు కలిపిన మట్టి, కాస్త నీడ దీనికి సరిపోతాయి. నేలకు రెండంగుళాల పైన కోస్తే మళ్లీ చిగురిస్తుంది.

లేత ఆకును పెసరపప్పుతో ఉడికించి, వెల్లుల్లి, ఎండుమిరపకాయలతో పోపు వేస్తే తెలుగింటి కూర. ఆవనూనెలో వేయిస్తే బెంగాలీ ఇంటి శాకం. కుళాయి పక్కన వృథాగా ఇంకిపోయే మంచినీటితో ఆ రెండు వంటలకూ సరిపడా ఆకు పండుతుంది.