నౌపడ ఉప్పుమళ్ళలో నేర్చుకున్న ప్రార్థన



శ్రీకాకుళం జిల్లాలో టెక్కలికి చేరువగా నౌపడ అనే చిన్న ఊరున్నది. హౌరా–చెన్నై లైనులో ప్రయాణం చేసేవారికి అది ఒక జంక్షను పేరు మాత్రమే. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో ఇక్కడినుండే బయలుదేరింది, తరువాత గుణుపురం వరకు సాగింది. 2004లో అది ఆగిపోయింది. ఇప్పుడు ఆ దారిన పెద్ద లైను బండి నడుస్తున్నది.

అయితే ఈ ఊరిని నిలబెట్టినది ఉప్పు. సముద్రపు నీరు కాలువల గుండా వచ్చి మడి నుండి మడికి మారుతూ, ఎండకు చిక్కబడి, చివరి మడిలో గడ్డకడుతుంది. దానిని చెక్కపలకలతో లాగి, కుప్పవేసి, తాటాకు కప్పుతారు. వేసవి ఎండే వారికి పంట. దగ్గరలోని తేలినీలాపురానికి ఏటేటా గూడబాతులు వలస వస్తాయి. ఆ ఊరివారు వాటిని పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డల్లా చూసుకుంటారు.

కొన్నేళ్ళ క్రిందట ఒక వేసవిలో, గృహకూటంలో, రైతుల కొరకు వర్షం కురిపించమని గట్టిగా ప్రార్థించాను. ముగిసిన తరువాత ఉప్పుమళ్ళలో పనిచేసే ఒక తల్లి మెల్లగా, "అయ్యగారూ, ఉప్పింకా మళ్ళలోనే ఉందండి. పది దినాలాగి అడగండి బాబూ" అన్నది. కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఉప్పును గూర్చి ఎన్నో ప్రసంగాలు చేశాను గాని, ఒక్కనాడైనా మడిలో కాలు పెట్టలేదు.

మరునాడు తెల్లవారకముందే వెళ్ళాను. ఆమె పాదాలు బీటలు వారి ఉన్నాయి. ఆ తెల్లటి మెరుపుకు నా కళ్ళు గంటసేపు కూడా నిలువలేదు.

మూడవ నాడు వాన వచ్చింది. అందరితో కలిసి తాటాకులు మోశాను. సగం కుప్పలు కప్పగలిగాము, మిగిలినది మా కళ్ళ ముందే కరిగిపోయింది.

ఆదివారం ఆమెకు ముఖం చూపలేకపోయాను. ఆమే దగ్గరకు వచ్చి ఉప్పు మూట చేతిలో పెట్టి, "పోయింది పోయిందండి. మా అన్న దుక్కి దున్నుకున్నాడు, వాడింట గింజలుంటే మాకూ ఉంటాయి" అన్నది.

ప్రియులారా, ఆనాటి నుండి వర్షం కొరకు ప్రార్థించక మునుపు, ఎవరి ఉప్పు ఇంకా మడిలో ఉన్నదో అడిగి తెలుసుకుంటున్నాను.