జేజి చేతిలో పుల్లలు

మా అక్క కూతురికి ఏడేళ్లొచ్చినా నోట్లో చిటికెనవేలు దూరేది కాదు. పులివెందుల దగ్గర చీనీ తోటల ఊరు వాళ్లది. సంకటిని జారుగా కలిపితే పళ్ల సందులోంచి జుర్రుకునేది. గడ్డం లోపలికి పోయి కుడిపక్కకు ఒరిగింది. రాత్రయితే పెద్దవాళ్లలా గురక. "మా నాయన పోలికలే" అని బావ కొట్టిపారేసేవాడు.

ప్రొద్దుటూరులో నేను చూపించిన పళ్ల డాక్టరు ముందు పళ్లు చూడలేదు. చెవుల ముందు వేళ్లు ఆనించి నోరు తెరవమన్నాడు. "చిన్నప్పుడు గడ్డం తగిలేట్టు పడిందా?"

పడింది, మూడేళ్లప్పుడు, మిద్దె మెట్ల మీంచి. కుట్లు వేయించాం, గాయం మానింది, మరిచిపోయాం. గడ్డానికి తగిలిన దెబ్బ దవడ కీలుదాకా పోతుందట. కీల్లో చేరిన నెత్తురు గడ్డకట్టి, మెల్లగా ఎముకై, దవడను పుర్రెకు అతికించేస్తుందట. చెవిలో చీము ముదిరినా ఇట్లా కావచ్చన్నాడు. మేమేమో చదునుగా ఉన్న ఎడమబుగ్గే చెడిందనుకున్నాం. అతుక్కున్నది నిండుగా కనబడే కుడిపక్కే! అటు పెరుగుదల ఆగి, గడ్డాన్ని అటే లాగేసింది.

కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు పోయాం. సర్జన్ మేడం ఒక్కరే చూస్తారనుకుంటే పిల్లల డాక్టరు, క్లిప్పుల డాక్టరు, వ్యాయామం నేర్పే ఆమె కూడా వచ్చారు. అందరికంటే దిగులు మత్తు డాక్టరుకే. నోరే తెరవని పిల్లకు ఊపిరి గొట్టం ఎట్లా వేయాలి? కెమెరా ఉన్న సన్నగొట్టాన్ని ముక్కులోంచి పంపించారు. అతుకు కోసి, సందులో కణత కండరం పొర పరిచి, పక్కటెముక ముక్కతో కీలు కట్టారు.

అసలు పని ఆ తర్వాతే. నోరు రోజూ సాగదీయకుంటే మళ్లీ అతుక్కుంటుంది. ఐస్‌క్రీం పుల్లలు దొంతిగా పళ్ల మధ్య దూర్చి, ఒక్కొక్కటే పెంచుతూ పోవాలి. పిల్ల ఏడిస్తే అక్క చేతులు ఆడేవి కావు. అందుకని జమ్మలమడుగులో జేజి దగ్గర దించాం. జేజి జాలిపడే రకం కాదు.

"ఏడువు మ్మే, ఏడిస్తే నోరు ఇంకా తెరుసుకుంటాది" అంటూ ఇంకో పుల్ల దూర్చేది.

నెలలు గడిచాక నోరు ముప్పై మిల్లీమీటర్లు దాటింది. బావకు తృప్తి లేదు. గడ్డం కూడా ఇప్పుడే సరిచేయమని పట్టుబట్టాడు, రేపు పెళ్లి చేయాలంటూ. ఏడేళ్ల పిల్లకు! ఎముకను రోజుకు మిల్లీమీటరు చొప్పున సాగదీసే పద్ధతి ఉందనీ, అది ఎదుగుదల చూసి తర్వాత ఆలోచిద్దామనీ సర్జన్ మేడం అన్నారు. "ముందు కడుపునిండా తిననీయండి" అని ఫైలు మూశారు. బయటికి రాగానే పిల్ల కారం దోసె అడిగింది.